పెరట్లో పండ్ల చెట్టు: గింజ నాటాలా? అంటు తేవాలా?

"విత్తొకటి నాటితే చెట్టొకటి మొలుస్తుందా?" అని మన పెద్దలు అడుగుతుంటారు. మనిషి నడవడిక గురించి చెప్పేటప్పుడు ఈ సామెత ముమ్మాటికీ నిజం. పండ్ల చెట్ల విషయంలో మాత్రం ఇది సగమే నిజం. బంగినపల్లి మామిడి టెంక నాటితే మామిడి చెట్టే మొలుస్తుంది గానీ, దానికి బంగినపల్లి కాయలే కాస్తాయన్న నమ్మకం లేదు. అదే నిమ్మ గింజ నాటితే దాదాపు తల్లిచెట్టు లాంటి చెట్టే వస్తుంది. ఈ తేడా తెలియక ఎంతోమంది ఏడెనిమిదేళ్లు నీళ్లు మోసి పెంచిన చెట్టుకు చివరికి పుల్లటి పీచు కాయలు చూసి ఉసూరుమంటున్నారు.

ఏ చెట్టును గింజతో పెంచవచ్చు, దేనికి అంటు మొక్క కావాలి, చేతిలో డబ్బు లేకపోయినా ఆ అంటును మనమే ఎలా కట్టుకోవచ్చు అన్న విషయాలను ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

మనకు ఈ సంగతి ఎందుకు?

మన హాస్టల్ విద్యార్థుల తల్లిదండ్రుల్లో చాలామంది తోటల్లో కూలి పనికి వెళ్ళేవారే. గుంతలు తీయడం, పాదులు చేయడం, కాయలు కోయడం, నర్సరీల్లో అంట్లు కట్టడం, అన్నీ వారి చేతుల మీదుగానే జరుగుతున్నాయి. ఇతరుల తోటలను పచ్చగా నిలబెట్టిన ఆ చేతులకు సొంత ఇంటి ముందు ఒక్క పండ్ల చెట్టు కూడా లేకపోవడం మనందరం చూస్తున్నదే. పని తెలియక కాదు, "మనకున్న ఈ కాస్త జాగాలో చెట్లేమిటి?" అనుకోవడం వల్ల.

కాలనీ ఇంటి స్థలం రెండు సెంట్లు అనుకుందాం. అంటే సుమారు 97 చదరపు గజాలు. ఇల్లు, స్నానాల గది, నడిచే దారి పోను పాతిక గజాలు మిగిలినా ఒక జామ, ఒక నిమ్మ, రెండు బొప్పాయి చెట్లు పెంచవచ్చు. స్నానాల నీళ్లు పోయేచోట ఒక అరటి గుబురుకు కూడా చోటుంటుంది. మామిడి, నేరేడు, పనస పెద్ద చెట్లవుతాయి. వాటిని ఇంటి గోడ పక్కన కాకుండా పొలం గట్టున, గుడి ఆవరణలో, బడిలో, హాస్టల్ ప్రాంగణంలో నాటుకోవాలి.

ఇందులో ఆరోగ్యం సంగతి కూడా ఉంది. హాస్టల్ మెనూలో పండు అంటే మనకు బాగా తెలిసింది అరటిపండు. సెలవులకు ఇంటికి వెళితే అదీ రోజూ దొరకదు. జబ్బు చేస్తే తప్ప ఆపిల్, నారింజ కొనే ఇళ్లు కావు మనవి. కానీ వంద గ్రాముల జామపండులో 200 మిల్లీగ్రాములకు పైగా విటమిన్ సి ఉంటుంది. అంతే బరువున్న నారింజలో దానిలో నాలుగో వంతు కూడా ఉండదు. చిగుళ్ల నుంచి రక్తం కారకుండా కాపాడేది, మనం తిన్న ఆకుకూరల్లోని, పప్పుల్లోని ఇనుము ఒంటికి పట్టేలా చేసేది ఈ విటమినే. రక్తహీనతతో బాధపడే అక్కాచెల్లెళ్లు ఉన్న ప్రతి ఇంట్లోనూ అన్నం తిన్న వెంటనే ఒక జామకాయ ముక్కకు, కాస్త నిమ్మరసానికి ఎంత విలువ ఉందో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

గింజకు తల్లి పోలిక ఎందుకు రాదు?

మామిడి పూతపై ఈగలు, తేనెటీగలు వాలి ఒక చెట్టు పుప్పొడిని మరో చెట్టు పువ్వుకు చేరుస్తాయి. కాయ కండ అంతా తల్లిచెట్టుదే కాబట్టి కాయ రుచి మారదు. లోపలి జీడిలో మాత్రం తల్లి లక్షణాలు, తండ్రి లక్షణాలు కలిసిపోతాయి. ఒకే తల్లి పిల్లల్లో ఒకరికి అమ్మ పోలిక, ఒకరికి నాన్న పోలిక, ఇంకొకరికి తాత పోలిక వచ్చినట్లే, ఒకే చెట్టు టెంకలు పది నాటితే పది రకాల చెట్లు వస్తాయి. వాటిలో ఒకటి తల్లిని మించినదీ కావచ్చు, తొమ్మిది ఎందుకూ కొరగానివీ కావచ్చు. మనం ఇష్టపడే పేరున్న మామిడి రకాల్లో చాలావాటికి మూలం ఒకప్పుడు అలా కలిసివచ్చిన ఒక మంచి గింజ చెట్టే.

అటువంటి మంచి చెట్టును ఉన్నదున్నట్లు నిలుపుకోవడానికి మనుషులు కనిపెట్టిన ఉపాయం అంటు. మంచి చెట్టు కొమ్మను మరో మొక్క మొదలుపై అతికిస్తే వేళ్లు ఆ మొక్కవి, కాయలు మాత్రం ఆ మంచి చెట్టువి. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన మన బంగినపల్లి మామిడి ఇన్ని తోటల్లో ఒకే రుచితో కాస్తున్నదంటే కారణం అంటే. అంటుకు ఇంకో లాభం ఉంది. అతికించిన కొమ్మ అప్పటికే వయసొచ్చిన చెట్టుది కనుక త్వరగా పూస్తుంది. టెంక చెట్టు కాపుకు ఏడెనిమిదేళ్లో, అంతకన్నా ఎక్కువో పడితే, అంటు మామిడి మూడు నాలుగేళ్లకే కాయడం మొదలుపెడుతుంది.

మరి నిమ్మ సంగతేమిటి? పుల్ల నిమ్మ గింజ ఒక్కటి నాటితే ఒక్కోసారి రెండు మూడు మొలకలు వస్తాయి. గమనించే ఉంటారు. వాటిలో ఒకటి తల్లీతండ్రుల కలయికతో పుట్టినది కావచ్చు. మిగిలినవి పుప్పొడితో సంబంధం లేకుండా తల్లిచెట్టు కణాల నుంచే పుట్టినవి. అవి అచ్చంగా తల్లికి నకళ్లు. అందుకే రైతులు కూడా నిమ్మను గింజ నారుతో పెంచుతుంటారు. నారులో మరీ గిడసబారినవి, ఆకు తీరు వేరుగా ఉన్నవి పీకేసి, ఒకే తీరుగా బలంగా పెరిగినవి ఉంచుకుంటే చాలు. నేరేడు గింజలోనూ ఇలా ఒకటికి మించి మొలకలు రావడం ఉంది. మామిడిలో ఈ గుణం కేరళ తీరపు ఒలూర్, కురుక్కన్ వంటి కొన్ని రకాలకే ఉంది. మన బంగినపల్లికి లేదు.

గింజతో పెంచదగినవి

బొప్పాయి: దీనికి గింజే సరైన దారి. బాగా పండిన పండు నుంచి గింజలు తీసి, వాటి చుట్టూ ఉన్న జిగురు పొర పోయేలా బూడిదతోనో ఇసుకతోనో రుద్ది కడగాలి. ఆ పొర ఉంటే గింజ సరిగా మొలవదు. నీడలో ఆరబెట్టి పాలిథిన్ కవర్లలో నాటితే రెండు మూడు వారాల్లో మొలకలు వస్తాయి. జానెడు ఎత్తు పెరిగాక గుంతకు మూడేసి మొక్కలు నాటాలి. మూడెందుకంటే, బొప్పాయిలో మగ చెట్లు, ఆడ చెట్లు వేరుగా ఉండే రకాలున్నాయి. నాలుగైదు నెలలకు పూత వస్తుంది. పొడవాటి కాడలకు గుత్తులుగా పూలు వేలాడితే అది మగ చెట్టు. కాండానికి దగ్గరగా లావుపాటి మొగ్గ ఉంటే ఆడ చెట్టు. గుంతకు ఒక మంచి కాపు చెట్టును ఉంచి మిగిలినవి తీసేయాలి. ఆడ చెట్లకు పుప్పొడి అందాలి గనుక చుట్టుపక్కల ఒక మగ చెట్టయినా ఉండాలి. ఏడాది తిరగకముందే పండు చేతికి వస్తుంది. ఒక్కటే జాగ్రత్త: మొదట్లో నీరు నిలిస్తే బొప్పాయి రెండు రోజుల్లో కుళ్లిపోతుంది. మట్టి ఎగదోసి మిట్ట మీద నాటాలి.

నిమ్మ: గింజ ఎండితే మొలకెత్తే శక్తి పోతుంది. కాబట్టి కాయ కోసిన రోజే గింజలు కడిగి నాటాలి. కాపుకు నాలుగైదేళ్లు పడుతుంది. ఆకుల మీద, కాయల మీద గరుకు మచ్చలు వేసే గజ్జి తెగులు నిమ్మకు పెద్ద శత్రువు. తిరుపతి పరిశోధనా కేంద్రం రూపొందించిన బాలాజీ రకం ఈ తెగులును బాగా తట్టుకుంటుంది. దొరికితే ఆ రకం నారే తెచ్చుకోవడం మంచిది.

సీతాఫలం: గింజ చెట్ల మధ్య కొంత తేడా ఉన్నా నిరాశపరచదు. పేరున్న బాలానగర్ సీతాఫలం పాలమూరు నేలదే. రాళ్ల నేలలో, నీళ్లు తక్కువైన చోట కూడా బతుకుతుంది. మేకలు దీని ఆకు జోలికి అంతగా రావు. గింజ పెంకు గట్టిది కనుక రెండు మూడు రోజులు నీళ్లలో నానబెట్టి నాటాలి. మొలకకు నెల పట్టినా కంగారు పడనక్కర్లేదు. నాలుగేళ్లలో కాపు చూడవచ్చు. పేలకు మందని కొందరు ఈ గింజల పొడిని తలకు రాస్తారు. అది కంటిలో పడితే చూపుకే ప్రమాదం. చిన్న పిల్లలకు ఈ మాట తప్పక చెప్పాలి.

మామిడి టెంక, నేరేడు గింజ కూడా నిమ్మ గింజలాగే ఎక్కువ రోజులు నిలవ ఉండవు. నేరేడు గింజ పది పదిహేను రోజుల్లో, మామిడి టెంక నెల రోజుల్లో నాటేయాలి. వచ్చే ఏడు నాటుదామని దాచిపెడితే మిగిలేది పెంకే.

అరటికి గింజ గొడవే లేదు, పిలకతోనే పెరుగుతుంది. పిలకల్లో కత్తిలా సన్నని ఆకులున్న కత్తి పిలకను ఎంచుకోవాలి. చిన్నగా ఉండి వెడల్పాటి ఆకులు వేసిన నీటి పిలక చూడ్డానికి బాగున్నా దుంపలో సత్తువ ఉండదు.

అంటు మొక్క కొనేటప్పుడు

మామిడి, సపోటా, జామ, దానిమ్మలకు గింజ మీద ఆధారపడకూడదు. సపోటా గింజ చెట్టు కాపుకు చాలా ఏళ్లు కాచుకోవాలి. నర్సరీల్లో సపోటాను పాల మొక్క మీద అంటు కడతారు. తూర్పు గోదావరి జిల్లా కడియం నర్సరీల నుంచి వచ్చే మొక్కలు ఇవాళ రెండు రాష్ట్రాల్లో ఊరూరా దొరుకుతున్నాయి. ఎక్కడ కొన్నా ఈ నాలుగు విషయాలు చూడాలి.

ఒకటి, అతుకు కనిపించాలి. మొదలుకు జానెడు ఎత్తులో అంటు గాయం మానిన గుర్తు స్పష్టంగా ఉండాలి. అతుకు లేని మొక్కను అంటు పేరుతో అమ్మితే అది గింజ మొక్కే. రెండు, ఆకులు అతుకు పైనుంచి రావాలి. కిందినుంచి వచ్చిన చిగుళ్లు వేరు మొక్కవి. వాటిని పెరగనిస్తే పై కొమ్మ చచ్చి నాటు చెట్టే మిగులుతుంది. మూడు, చిన్న కవరులో పెద్ద మొక్క, అందులోనూ కాయతో ఉన్న మొక్క చూసి మురిసిపోకూడదు. కవరులో చుట్టలు తిరిగిన వేళ్లు నేలలో పెట్టినా విచ్చుకోవు. నాలుగు, అతుకుకు కట్టిన ప్లాస్టిక్ పట్టీ ఇంకా ఉంటే నాటాక బ్లేడుతో కోసి తీసేయాలి. లేకపోతే కాండం లావెక్కే కొద్దీ పట్టీ దాని గొంతు నులుముతుంది.

చోటు తక్కువైతే మామిడిలో ఆమ్రపాలి రకం అడగవచ్చు. దసేరి, నీలం రకాల కలయికతో పుట్టిన ఈ చెట్టు పొట్టిగా ఉండి ఏటా కాస్తుంది.

టెంక మనది, కొమ్మ మంచి చెట్టుది

డబ్బు పెట్టి అంటు కొనలేనివారికి ఒక చక్కటి మార్గం ఉంది. చెట్టు ఎక్కడ పెరగాలో అక్కడే టెంక నాటి, ఏడాది తర్వాత దానిమీదే అంటు కట్టడం. ఇలా పెరిగిన మొక్కకు తల్లివేరు తెగకుండా నేరుగా లోతుకు దిగుతుంది. కాబట్టి మెట్ట ప్రాంతాల్లో, అంటే మన ఊళ్లలాంటి చోట్ల, ఎండను బాగా తట్టుకుంటుంది.

జూన్‌లో టెంక పెంకు జాగ్రత్తగా విప్పి, జీడిని వీపు పైకి ఉండేలా రెండంగుళాల లోతున నాటాలి. గుంతకు మూడు జీడులు నాటి బలమైన మొక్కను ఉంచాలి. మరుసటి ఏడు జూలై, ఆగస్టుల్లో, కాండం పెన్సిల్ లావయి పైన రాగి రంగు లేత చిగురు వచ్చినప్పుడు అంటు కట్టాలి. మంచి రకం చెట్టు మీద అదే లావున్న కొనకొమ్మను ఎంచుకుని, వారం పది రోజుల ముందే ఆకులు కోసి కాడలు మాత్రం ఉంచాలి. కాడలు రాలి మొగ్గ ఉబ్బినప్పుడు కొమ్మను జానెడు పొడవున కోసి తేవాలి.

వేరు మొక్క లేత కాండాన్ని అడ్డంగా కోసి, మధ్యలో రెండంగుళాలకు తక్కువగా నిలువునా చీల్చాలి. కింద కొన్ని ఆకులు ఉండనివ్వాలి. తెచ్చిన కొమ్మ అడుగును రెండు వైపులా చెక్కి చీలకలా చేసి ఆ చీలికలో దించాలి. బెరడు కింది పచ్చని పొర కనీసం ఒక వైపైనా కలవాలి. అంటు బతకడం, చావడం అంతా ఆ పొర కలవడం మీదే ఉంది. పాలిథిన్ పట్టీతో బిగించి కట్టి, పైన సన్నని ఐస్ కవరు తొడిగితే తేమ నిలుస్తుంది. మూడు వారాలకు మొగ్గ విచ్చితే కవరు తీసేయాలి. ప్రతి అంటూ అతకదు కాబట్టి వీలైతే రెండు మూడు మొక్కల మీద ప్రయత్నించాలి. బ్లేడు పదునుగా, శుభ్రంగా ఉండాలి. కొమ్మ కోయడానికి తోట యజమానిని ముందుగా అడగాలి.

ఈ పని పుస్తకంలో చదివితే కష్టంగా తోస్తుంది. చేసేవారి పక్కన నిలబడి చూస్తే అరగంటలో పట్టుబడుతుంది. నర్సరీ పనికి వెళ్ళే మన అమ్మలు, పిన్నులు, మేనమామలు రోజుకు ఎన్నో అంట్లు కడుతున్నారు. ఉద్యాన కళాశాలలో చెప్పే పాఠం మన ఇళ్లలోనే ఉంది. వారిని అడిగి నేర్చుకోవడం మనకు చిన్నతనం కాదు. వారికి మాత్రం అది గౌరవం.

జామకు ఇంకా తేలిక

జామకు గాలి అంటు కడితే చాలు. వానాకాలంలో పెన్సిల్ లావు కొమ్మ మీద అంగుళం మేర బెరడును ఉంగరంలా పూర్తిగా తీసేయాలి. తడిపిన కొబ్బరి పొట్టును గానీ, మట్టీ పేడా కలిపిన ముద్దను గానీ దాని చుట్టూ పెట్టి, పాలిథిన్ కాగితం చుట్టి రెండు చివరలా గట్టిగా కట్టాలి. ఆకు తయారుచేసిన ఆహారం బెరడు గుండా కిందికి దిగలేక అక్కడే నిలిచిపోయి వేళ్లు పుడతాయి. నెల, నెలన్నరకు కాగితంలోంచి తెల్లని వేళ్లు కనబడతాయి. అప్పుడు కట్టు కింద కోసి, కవరులో పెట్టి నెలపాటు నీడలో ఉంచి నాటుకోవచ్చు. ఊళ్లో ఒక మంచి జామ చెట్టుంటే ఒక్క వానాకాలంలో పది ఇళ్లకు మొక్కలు ఇవ్వవచ్చు. దానిమ్మకూ ఇదే పద్ధతి పనికొస్తుంది.

నాటడం, కాపాడటం

గుంత ఎండాకాలంలోనే తీసి పదిహేను రోజులు ఎండనివ్వాలి. మామిడికి మీటరు లోతు, మీటరు వెడల్పు. జామ, నిమ్మ, సీతాఫలాలకు 60 సెంటీమీటర్లు చాలు. పై మట్టిలో రెండు తట్టల చివికిన పశువుల ఎరువు, కిలో వేపపిండి కలిపి గుంత నింపాలి. తొలి వానలు పడ్డాక కవరు చింపి, మట్టి గడ్డ విడిపోకుండా నాటాలి. అతుకు నేలకు పైనే ఉండాలి. మట్టిలో కప్పబడితే అంటు చెడుతుంది.

మొక్కలు ఎక్కువగా పోయేది నాటిన రోజున కాదు, మొదటి రెండు వేసవుల్లో. మొక్కకు అడుగు దూరంలో అడుగున చిన్న చిల్లు ఉన్న మట్టికుండ పాతి, చిల్లులో గుడ్డ పీలిక పెట్టి నీళ్లు నింపితే తేమ కొద్దికొద్దిగా అందుతుంది. పాదులో ఎండుటాకులు, చెరకు పిప్పి, వరిగడ్డి ఏది దొరికితే అది పరవాలి. చుట్టూ తుమ్మ కంప వేయకపోతే మొక్క మేకల పాలే. అంటు మామిడికి మొదటి రెండు మూడేళ్లు వచ్చే పూత తుంచేయాలి. తుంచడానికి మనసొప్పదు కానీ, ముందు చెట్టు బలపడాలి. జామలో పురుగు పట్టి రాలిన కాయలను అక్కడే వదలకుండా ఏరి లోతుగా పాతిపెడితే మరుసటి కాపుకు ఈగ బెడద తగ్గుతుంది.

హాస్టల్లో నాటాలంటే

హాస్టల్ మొక్కకు ఒక ప్రత్యేకమైన కష్టం ఉంది. ఏప్రిల్ చివర మనం పెట్టె సర్దుకుని ఇళ్లకు వెళతాం. జూన్ రెండో వారందాకా గేటుకు తాళం. మొక్కకు నీళ్లు ఎక్కువ అవసరమైనది ఆ నలభై, యాభై రోజులే. అందుకే ఎంతో ఉత్సాహంగా నాటిన మొక్కలు తిరిగొచ్చేసరికి పుల్లలై కనిపిస్తాయి. దీనికి మూడు ఉపాయాలు. ఫోటోల కోసం జనవరిలో కాకుండా జూలైలోనే నాటాలి. వేసవి వచ్చేలోగా వేరు దిగడానికి తొమ్మిది నెలలు దొరుకుతాయి. రెండు, ఎండకు ఓర్చే సీతాఫలం, రేగు, ఉసిరి, అక్కడే టెంక నాటి అంటు కట్టిన మామిడి ఎంచుకోవాలి. మూడు, సెలవుల్లో వారానికి రెండుసార్లు కుండలు నింపే బాధ్యతను దగ్గర ఊళ్ల విద్యార్థులు ముందుగానే వంతులు వేసుకోవాలి. చేతులు కడిగే తొట్టి నీళ్లు పోయేచోట అరటి, జామ నాటితే మిగిలిన పది నెలలు నీళ్ల బెంగ ఉండదు.

పూర్వ విద్యార్థులకు మా విన్నపం ఒకటుంది. ఈ వార్షికోత్సవానికి వచ్చి మీ ఇంట ఏ మంచి చెట్టుందో చెప్పి వెళ్ళండి. జూలైలో దానికి రెండు అంట్లు కట్టి పంపండి. పూలదండ, శాలువా సాయంత్రానికి మడిచి పెట్టేస్తాం. అంటు మొక్క అయితే మీ ఊరి పేరుతో ఇక్కడ నిలబడుతుంది. పదో తరగతి తమ్ముడు నాటిన మామిడి కాసేనాటికి అతను హాస్టల్ విడిచి వెళ్ళిపోతాడు. ఆ కాయ తినేది ఇవాళ మూడో తరగతిలో ఉన్న తమ్ముడు. ఇంట్లో నాటిన జామ మాత్రం మనం ఇంటర్ ముగించేలోగా మన చెల్లెళ్ల చేతికే కాయలిస్తుంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఈ వేసవిలో ఇంటికి వెళ్ళగానే మీ అమ్మానాన్నలతో కూర్చుని ఇంటి చుట్టూ ఎన్ని గజాల నేల ఉందో కొలవండి. మేలో గుంత తీయండి. తిన్న మామిడి టెంక పారేయకుండా నాటండి. ఏడాది తర్వాత దానిపై ఏ చెట్టు కొమ్మ కట్టాలో ఇప్పుడే చూసి పెట్టుకోండి.